ఓపీ ఖర్చులకు ప్లాన్ కొనాలా? ముందు ఇంట్లో ఉన్న ఆసుపత్రి చీటీలు తీయండి

ఆసుపత్రిలో చేరితే వచ్చే బిల్లు సంగతి వేరు. నెలనెలా కొనే బీపీ బిళ్లలు, పిల్లల దగ్గులు జ్వరాలు, మూడు నెలల షుగరు పరీక్ష, డాక్టరుకిచ్చే ఓపీ ఫీజు, ఇలాంటి మామూలు ఖర్చులకు కూడా ఇప్పుడు ప్లాన్లు అమ్ముతున్నారు. ఆరోగ్య బీమా పాలసీకి జోడించి ఏజెంటు అమ్మేవి కొన్ని, ఫోన్ యాప్‌లో దొరికేవి కొన్ని, ఆసుపత్రులే ఇచ్చే ఫ్యామిలీ కార్డులు కొన్ని. ఇవి కాక, వాయిదాల మీద ఫ్రిజ్ కొంటే ఆ వాయిదాలోనే కలిపేసి చేతిలో పెట్టే హెల్త్ కార్డులున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో "ఏటికో తెలీదు బావూ, నెలనెలా కట్ అయిపోతంది" అనేవాళ్లు ఎక్కువగా ఈ చివరి రకం వాళ్లే.

కొనాలా వద్దా తేల్చుకోవడానికి బ్రోచరుతో మొదలుపెట్టకండి. ఆ పని మూడోదో నాలుగోదో. మొదటిది మీ ఇంట్లోనే ఉంది.

పోయిన ఏడాది చీటీలన్నీ ఒకచోట పోయండి

బీరువా అరలోని పాలిథిన్ కవరు, దేవుడి పటం వెనక దోపిన కాగితాలు, స్కాన్ ఫిల్ముల సంచి అన్నీ తీయండి. కాగితం లేని ఖర్చుల కోసం ఫోన్‌పేలో పాత చెల్లింపులు చూడండి. మెడికల్ షాపు పేరు, ల్యాబ్ పేరు అక్కడ తేదీతో సహా దొరుకుతాయి. ఒక నోటుబుక్కులో ఐదు గళ్లు గీయండి: ఎవరికి, ఎక్కడ, దేనికి, ఎంత, బిల్లు ఉందా లేదా.

ఈ ఐదో గడే అసలుది. మన దగ్గర చిన్న జబ్బుకి మొదట వెళ్లేది ఊళ్లో ఆర్ఎంపీ (డాక్టరు డిగ్రీ లేని ఊరి వైద్యుడు) దగ్గరికి. ఆయన సూది వేస్తాడు, నాలుగు బిళ్లలు పొట్లం కడతాడు, వంద, నూటయాభై తీసుకుంటాడు. రాత్రి పదింటికి తలుపు కొట్టినా లేస్తాడు. ఆ సేవకి విలువ లేదని నేననను. కానీ ఆ ఖర్చును ఏ ప్లానూ ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ నంబరున్న డాక్టరు రాసిన చీటీ, రోగి పేరు మీద బిల్లు, రెండూ ఉంటేనే క్లెయిము కదులుతుంది. మెడికల్ షాపులో తెల్లకాగితం మీద కూడిక వేసి ఇచ్చే లెక్క కూడా పనికిరాదు. కాబట్టి బిల్లు లేని వరుసలన్నిటి పక్కనా ఇప్పుడే ఒక సున్నా చుట్టేయండి. కొన్ని ఇళ్లలో సగం పేజీ ఇక్కడే పోతుంది, ఆశ్చర్యపోకండి.

ఓపీ ఫీజు దగ్గర ఇంకోటి గమనించాలి. చాలా ఆసుపత్రుల్లో ఒకసారి కట్టిన ఓపీ చీటీ వారమో పదిహేను రోజులో చెల్లుతుంది. రిపోర్టులు చూపించడానికి మళ్లీ వెళితే ఫీజు ఉండదు. అందుకని ఎన్నిసార్లు వెళ్లారన్నది లెక్క కాదు, ఎన్నిసార్లు ఫీజు కట్టారో అది రాయండి. ప్లాన్ అమ్మేవాళ్లు "మీ కుటుంబం ఏడాదికి ఇరవైసార్లు డాక్టరు దగ్గరికి వెళ్తుంది కదా" అని గుణిస్తారు. మీ పుస్తకంలో అది ఎనిమిదో తొమ్మిదో తేలుతుంది.

బస్సు, రైలు, ఆటో ఖర్చులు కూడా వేరే రంగు పెన్నుతో రాసి పెట్టండి. పలాస నుంచి వైజాగ్ వెళ్లి రావడానికి ఒక్కోసారి డాక్టరు ఫీజు కంటే ఎక్కువే కావచ్చు. దాన్ని ఏ ప్లానూ ఇవ్వదు. కానీ ప్లాన్ ఒప్పుకునే డాక్టరు వైజాగ్‌లోనే ఉంటే ఆ ఖర్చు మీకు పెరుగుతుంది.

ఇప్పటికే మీకున్న హక్కుల కింద వచ్చేవి కొట్టేయండి

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి విడతగా ఎంచుకున్న మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మన దగ్గర ఆ కార్డు సంగతి తెలియని ఇల్లు ఉండదు. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. కొన్ని పెద్ద జబ్బుల తర్వాత వాడే మందులకు, మళ్లీ చూపించుకోవడానికి కూడా వర్తిస్తుంది గానీ, మామూలు జ్వరానికి, షుగరు బిళ్లలకు కాదు. అంటే పెద్ద ఖర్చుకి ఒక అండ ఉంది, చిన్న ఖర్చు మీదే.

ఆ చిన్న ఖర్చులో కూడా కొంత ఉచితంగా దొరికేదే. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ లాంటి మామూలు షుగరు, బీపీ మందులు పీహెచ్‌సీలో ఇస్తారు. ఊళ్లకు 104 బండి వస్తుంది. శ్రీకాకుళం రిమ్స్‌లోనూ, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ ఓపీ ఉంది, పరీక్షలున్నాయి. పొద్దున్నే వెళ్లి క్యూలో నిలబడాలి. ఆ ఓపిక మీకుంటే ఆ వరుసలు కొట్టేయండి, లేకపోతే ఉంచండి. ఉద్దానం వైపు, కవిటి, కంచిలి, సోంపేట, మందస మండలాల వాళ్లకు, కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేయించుకోవచ్చు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు. ఆ ఒక్క పరీక్ష కోసం ఎవరైనా ప్లాన్ అమ్మబోతే వద్దనండి.

ఇంట్లో ఎవరికైనా ఈఎస్ఐ ఉందా చూడండి. నెలకి 21,000 లోపు జీతమున్న ఉద్యోగుల నుంచి 0.75 శాతం కోసి, యజమాని మరో 3.25 శాతం కట్టే పథకమిది. పైడిభీమవరం మందుల కంపెనీల్లోనో, జూట్ మిల్లులోనో పనిచేసేవాళ్ల జీతం చీటీలో ఆ కోత కనిపిస్తుంది. డాక్టరు చూడటం, మందులు, పరీక్షలు, అన్నీ కుటుంబానికంతా అందులోనే ఉన్నాయి. డిస్పెన్సరీ దూరమనో, మందులు ఒక్కోసారి ఉండవనో వెళ్లడం మానేసినవాళ్లున్నారు. నా మాట వింటే, కొత్త ప్లాన్‌కి డబ్బు కట్టే ముందు, జీతంలోంచి ఇప్పటికే కట్టేస్తున్న దాన్ని ఒకసారి వాడి చూడండి. టీచర్లు, ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లయితే ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం ఈహెచ్ఎస్‌లో మీ జబ్బుకి ఓపీ సేవ ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో ముందు కనుక్కోండి.

మామూలు ఆరోగ్య బీమా పాలసీ ఉన్నవాళ్లు దాని కాగితాలు తీసి రెండు చోట్ల చూడాలి. ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల పరీక్షలు, మందులు, ఇంటికి వచ్చాక 60 లేదా 90 రోజుల ఖర్చు, చేరిన జబ్బుకి సంబంధించినవైతే ఆ పాలసీయే ఇస్తుంది. అలాగే చాలా పాలసీల్లో ఏడాదికోసారి హెల్త్ చెకప్ ఉంటుంది, వాడుకోనివాళ్లే ఎక్కువ. ఇవి ఉండగా మళ్లీ వాటికే డబ్బు కట్టడం ఎందుకు?

అమ్ముతున్నది బీమానా, కూపన్ల కట్టా?

ఇది ఒక్క ప్రశ్నతో తేలుతుంది: "దీనికి పాలసీ నంబరు ఇస్తారా, ఏ బీమా కంపెనీ ఇస్తోంది?" పాలసీ అయితే ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ) నియమాలు వర్తిస్తాయి. ఏడాది పాలసీని నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు. కంపెనీ సరిగ్గా స్పందించకపోతే ఆ సంస్థ నంబరు 155255కి ఫోన్ చేయొచ్చు, ఆ తర్వాత హైదరాబాదులో ఉన్న, ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. మెంబర్‌షిప్, వెల్‌నెస్ ప్యాకేజీ, ప్రివిలేజ్ కార్డు అని పేర్లున్నవి చాలావరకు బీమా కావు. అక్కడ గొడవ వస్తే వినియోగదారుల కమిషనే దిక్కు.

పన్ను మినహాయింపు మాట కూడా ఇక్కడే తేల్చుకోండి. ఆదాయపు పన్నులో బీమా ప్రీమియానికి 25,000 వరకు, 60 దాటిన తల్లిదండ్రులకు కట్టేదానికి 50,000 వరకు మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే. కూపన్ల ప్యాకేజీకి అది రాదు. అసలు పాలసీయే లేని పెద్దవాళ్ల మందులకు, డాక్టరు ఫీజులకు మీరు నగదు కాకుండా ఫోన్‌లోనో కార్డుతోనో కడితే ఆ ఖర్చునే 50,000 దాకా చూపించుకోవచ్చని చాలామందికి తెలియదు. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఎవరైనా పాత కొటేషన్‌లో 18 శాతం కలిపి చూపిస్తే అడగండి.

ఆసుపత్రి ఇచ్చే ఫ్యామిలీ కార్డు మూడో రకం. కొంచెం డబ్బు కడితే ఏడాదంతా ఓపీ మీద, పరీక్షల మీద ఇంత శాతం తగ్గింపు ఇస్తారు. మీరు ఎలాగూ వెళ్లే ఆసుపత్రి అయితే, కార్డు ఖరీదు రెండు మూడు ఓపీల్లో తిరిగి వస్తుందంటే, తీసుకోవచ్చు. ఒక్కటే నా అనుమానం: చేతిలో కార్డుందని మునుపు అవసరం లేదనుకున్న పరీక్షలకు తలూపడం మొదలవుతుంది.

పిన్ కోడ్ కొట్టి చూడండి

హైదరాబాదు, బెంగళూరు మనుషుల కోసం కట్టిన ప్లాన్లు ఇక్కడే చతికిలపడతాయి. కంపెనీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో నెట్‌వర్క్ జాబితా, అంటే ప్లాన్ ఒప్పుకునే ఆసుపత్రుల, ల్యాబుల పట్టిక, తెరిచి మీ పిన్ కోడ్ కొట్టండి. 532001కో 535002కో నాలుగు పేర్లు రావచ్చు. టెక్కలి, చీపురుపల్లి, గజపతినగరం, ఇచ్ఛాపురం కొట్టి చూస్తే జాబితా చిక్కిపోతుంది, లేదా వైజాగ్ పేర్లు చూపిస్తుంది.

పేర్లు కనిపించినంత మాత్రాన ఆగిపోకండి. మీ నోటుబుక్కులో రెండో గడి, "ఎక్కడ" అన్నది, పక్కన పెట్టుకుని పోల్చండి. అమ్మ పదేళ్లుగా చూపించుకునే ఫిజీషియన్ అందులో ఉన్నాడా? పిల్లల డాక్టరు? తర్వాత ఆ ఆసుపత్రి కౌంటర్‌కే ఫోన్ చేసి "ఫలానా ప్లాన్ మీద ఓపీ క్యాష్‌లెస్ చేస్తారా" అని అడగండి. జాబితాలో పేరుండి, కౌంటర్లో అమ్మాయి "మాకు తెలీదండి, డబ్బు కట్టి బిల్లు తీసుకోండి" అనడం మామూలే. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సౌకర్యం మీ ఊరికి ఉందో, టౌను దాకేనో కూడా విడిగా అడగాలి.

వీడియో కాల్ డాక్టరు "అన్‌లిమిటెడ్" అంటారు. జ్వరానికి ఏ బిళ్ల వేసుకోవాలో అడగడానికి బాగానే పనికొస్తుంది. కానీ స్టెతస్కోపు పెట్టనివాడు డాక్టరేమిటనే అత్తగారు ఇంట్లో ఉంటే దాని విలువ సున్నా అని రాసుకోండి. బ్రోచరులో మాత్రం ఒక్కో కాల్‌కి 500 కట్టి కలుపుతారు. "18,000 విలువైనది మీకు 4,999కే" అనే అంకె వెనక ఉండేది ఎక్కువగా ఇలాంటి కూడికే. అందులో ప్రతి ముక్కకీ మన ఊరి రేటు రాయండి. ఫుల్ బాడీ చెకప్ వాళ్ల లెక్కలో ఎంతైనా కావచ్చు, మీ వీధి చివరి ల్యాబ్ ప్యాకేజీకి ఎంత తీసుకుంటుందో అదే దాని ధర.

ఇప్పుడు కూడిక, తీసివేత

చీపురుపల్లిలో ఒక ఇల్లనుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, బీపీ షుగరు ఉన్న అత్తగారు. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి, మీవి మీరు వేసుకోండి.

అత్తగారికి విజయనగరంలో డాక్టరు, ఏడాదికి 4 సార్లు, ఒక్కోసారి 400, మొత్తం 1,600. రక్త పరీక్షలు 4 సార్లు 650 చొప్పున 2,600. మందులు షాపులో 10 శాతం తగ్గించాక నెలకి 900, ఏడాదికి 10,800. పిల్లల డాక్టరు ఫీజు 6 సార్లు 300 చొప్పున 1,800, వాళ్ల మందులు 2,100. ఇంటావిడకి స్కాన్ 1,200. కళ్లజోడు 2,200. పంటి రూట్ కెనాల్ 4,500. ఆర్ఎంపీకి 1,500. ప్రయాణాలు 3,000. అన్నీ కలిపితే 31,300.

ప్లాన్ ధర 7,000 అనుకోండి. డాక్టరు ఫీజులు, పరీక్షలు నెట్‌వర్క్‌లో అయితే 12,000 వరకు ఇస్తారు. నెలనెలా వాడే మందుల మీద 15 శాతం తగ్గింపు. పళ్లు, కళ్లజోడు లేవు. 31,300 ముందు 7,000 చిన్నదిగానే కనిపిస్తుంది, ఏజెంటు చూపించేది కూడా ఆ రెండు అంకెలే. కానీ ప్లాన్ తాకగలిగింది ఎంత? ఫీజులు 1,600, 1,800, పరీక్షలు 2,600, స్కాన్ 1,200, వెరసి 7,200. మందుల్లో షాపువాడు ఎలాగూ 10 శాతం తగ్గిస్తున్నాడు కాబట్టి అదనంగా మిగిలేది నెలకి 50, ఏడాదికి 600. అంతా సవ్యంగా, ప్రతి డాక్టరూ నెట్‌వర్క్‌లోనే ఉండి, ఒక్క బిల్లూ తిరగ్గొట్టకుండా జరిగితే 7,800 వస్తుంది. లాభం 800.

పిన్ కోడ్ కొట్టాక తేలిందేమంటే ల్యాబ్ ఒక్కటే నెట్‌వర్క్‌లో ఉంది, డాక్టర్లిద్దరూ, స్కాన్ సెంటరూ లేరు. అప్పుడు వచ్చేది 2,600కి 600 కలిపి 3,200. కట్టింది 7,000.

ఇదే ఇంట్లో అత్తగారి మందుల చీటీని డాక్టరుకి చూపించి, ఆయన సరేనంటే జనౌషధి దుకాణంలో (ప్రభుత్వ పథకం కింద బ్రాండ్ పేరు లేని మందులు చౌకగా అమ్మే షాపు) అవే మందులు కొన్నారనుకోండి. అక్కడ ధరలు చాలా మందులకు బ్రాండెడ్ వాటిలో సగం కంటే తక్కువ. సగమే అనుకున్నా ఏడాదికి 5,400 మిగులుతుంది, ఏ ప్లానూ కట్టకుండా. మామూలు ఖర్చులో పెద్ద ముక్క మందులే, ప్లాన్లు అతి తక్కువగా ముట్టుకునేదీ మందులనే. మీ నోటుబుక్కులోనూ ఇదే కనిపించే అవకాశం ఎక్కువ.

నా కొలమానం ఒకటుంది: ప్లాన్ తాకగలిగే ఖర్చు, బిల్లున్నది, నెట్‌వర్క్‌లో ఉన్నది, ప్రీమియానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. సమానంగా ఉంటే చాలదు. కొన్ని బిల్లులు తిరగ్గొడతారు, కొన్ని పెట్టడం మరిచిపోతారు, కొన్నింటికి వాళ్లడిగే కాగితం దొరకదు.

ఇంకా కొనాలనే ఉంటే ఫోన్‌లో ఇవి అడగండి

సమాధానాలు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పంపమనండి. నోటిమాటగా "అన్నీ ఉన్నాయి సార్" అన్నది రేపు పనికిరాదు.

ఒక్కో ఓపీకి గరిష్ఠంగా ఎంత ఇస్తారు? మూడు నెలలకి ఇంతే వాడాలనే కోత ఉందా? వాడని సొమ్ము వచ్చే ఏడాదికి జమ అవుతుందా? సాధారణంగా కాదు. ప్రతి బిల్లులో మనం ఎంత శాతం భరించాలి? ఆ 12,000 మనిషికా, ఇంటిల్లిపాదికా? గర్భిణీ పరీక్షలు, ఫిజియోథెరపీ, విటమిన్ బిళ్లలు లెక్కలోకి వస్తాయా? ఇప్పటికే ఉన్న షుగరుకి మొదటి రోజు నుంచే ఇస్తారా? బీమా పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బుకి ఆగాల్సిన కాలం 36 నెలలు దాటకూడదని 2024లో నియమం తెచ్చారు. దాటకపోయినా, మూడేళ్లు ఆగాల్సిన ఓపీ ప్లాన్ షుగరు మనిషికి ఎందుకు?

ఫారంలో షుగరు లేదని టిక్కు పెట్టించే ఏజెంట్లున్నారు. "ఏటవదు, నాను సూసుకుంటాను" అంటారు. పెట్టకండి. ఓపీ ముక్క చిన్నదే కావచ్చు, దానికోసం చెప్పిన అబద్ధం పెద్ద పాలసీని కూడా ముంచుతుంది.

ఎవరికి పనికొస్తుంది

కంపెనీ డబ్బు కట్టి ఉద్యోగికి ఇస్తే కళ్లు మూసుకుని తీసుకోండి. కొడుకు హైదరాబాదులో, అమ్మానాన్నలు నరసన్నపేటలో ఉన్న ఇళ్లకు కూడా కొన్ని ప్లాన్లు నప్పుతాయి. డబ్బు లాభం కోసమని కాదు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లడం, రిపోర్టు నేరుగా కొడుకు ఫోన్‌కి రావడం వాళ్లకు అక్కరకొస్తుంది. అయితే ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో, యాప్ ఎవరు నొక్కుతారో ముందే తేల్చుకోవాలి. నాన్నగారి చేతిలో బటన్ల ఫోనుంటే ఆ ప్లాన్ పక్కింటి కుర్రాడి తీరిక మీద నడుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో ఉంటూ, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు క్రమంగా ఒకే పెద్ద ఆసుపత్రికి వెళ్తూ, అన్నిటికీ బిల్లు తీసుకునే ఇళ్లకూ ఒక్కోసారి లెక్క కుదురుతుంది.

ఆసుపత్రి ఖర్చుకి వైద్య సేవ కార్డు గానీ, బీమా గానీ ఏదీ లేని ఇంట్లో మాత్రం ఓపీ ప్లాన్ మొదట కొనే వస్తువు కాదు. వానొస్తే కారే ఇంటికి ముందు పైకప్పు నేసుకుంటారు, సున్నం తర్వాత. ఆ 7,000 పెద్ద పాలసీ ప్రీమియంలోకి వెళ్లాలి.

లెక్క కుదరనివాళ్లు నెలకి 600 చొప్పున పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఆర్డీ వేసుకోవచ్చు, లేదా మందుల కోసమే ఒక పొదుపు ఖాతా పెట్టుకోవచ్చు. ఏడాదికి 7,200 అవుతుంది. పంటికీ కళ్లజోడుకీ ఆటోకీ కూడా పనికొస్తుంది, వాడకపోతే మీదే.

కొన్నాక

మొదటి నెలలోనే ఒక చిన్న క్లెయిము పెట్టి చూడండి, ఒక ల్యాబ్ పరీక్షో ఒక ఓపీయో. పాలసీ అయితే ఆ 30 రోజుల గడువు దాటక ముందే వాళ్ల పనితీరు తెలుస్తుంది. అయితే క్లెయిము పెట్టాక వెనక్కి ఇస్తే డబ్బు ఎలా లెక్కిస్తారో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

ఫోన్‌లో ఆటోపే పెట్టి ఉంటే రెన్యువల్ తేదీకి పదిహేను రోజుల ముందు అలారం పెట్టుకోండి. ఆ రోజు నోటుబుక్కు తీసి, కట్టిందెంత, తిరిగి వచ్చిందెంత అని రెండు అంకెలు చూడండి. వచ్చింది తక్కువైతే యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి అక్కడే రద్దు చేయండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రద్దు చేయమంటే ముందు ఇంకో ఆఫర్ చెబుతారు.